ఇక్కడ నవ్వాలా, వద్దా? – చీకటి ప్రేమహాస్య చిత్రాలు, వాటి మీద వచ్చే విమర్శలు

(నెల్లూరులో సినిమా సమీక్షలు రాయడం నేర్చుకుంటున్నవాళ్ల కోసం పెట్టిన తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగు విని ఎత్తి రాశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండబ్బా, రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. సినిమా హాల్లో అయితే వెనక సీటు కోసం పోట్లాడుకోవచ్చు. ఇక్కడ ముందు కూర్చున్నా మెడ నొప్పేం రాదు.

ఈరోజు మాట్లాడుకోబోయేది డార్క్ రొమాంటిక్ కామెడీ గురించి. ఆ సినిమాల గురించి అనే కంటే, వాటి మీద జనం ఏమంటారు, విమర్శకులు ఏం రాస్తారు, ఎందుకు అట్టా రాస్తారు అనేదాని గురించి అనాలి. హాలు బయట నిలబడి వినండి ఎప్పుడైనా. మామూలు సినిమా అయితే 'బాగుంది', 'బాలేదు', 'ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్' అంటారు. ఈ రకం సినిమా అయితే ఏమంటారు? 'ఇదేం కామెడీ అబ్బా?' అంటారు. గమనించండి, 'నవ్వు రాలేదు' అనరు. చాలాసార్లు నవ్వు వచ్చే ఉంటుంది. నవ్వినందుకు వాళ్ల మీద వాళ్లకే చిరాకు. ఆ చిరాకు తీసుకెళ్లి సినిమా మీద పెడతారు. విమర్శకుడు కూడా మనిషే కదా, అతనూ అదే చేస్తాడు. కాకపోతే మంచి భాషలో చేస్తాడు.

ముందు మాట తేల్చుకుందాం. డార్క్ రొమాంటిక్ కామెడీ అంటే ప్రేమకథలో నాలుగు హత్యలు పెట్టడం కాదు. హీరో పక్కన కమెడియన్ ఉండి, చివర్లో ఎవరో చచ్చిపోతే అది డార్క్ కామెడీ కాదు. ఇద్దరి మధ్య ప్రేమో, పెళ్లో నడవాలి. ఆ ప్రేమ నడిచే దారిలోనే చావో, హింసో, మోసమో ఉండాలి. నవ్వు ఆ చావులోంచే, ఆ హింసలోంచే పుట్టాలి, పక్కనుంచి కాదు. ఈ మూడూ ఒకే సీన్లో కలిసి కూర్చుంటేనే ఆ పేరు పెట్టాలి. ప్రేమ సీను వేరు, కామెడీ ట్రాకు వేరు, ఫైటు వేరు అని విడగొట్టి పెట్టుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటుతో వెళ్లి కూర్చున్నవాడికి ఇది ఇబ్బందిగానే ఉంటుంది.

ఇబ్బంది కొత్తదేం కాదు. మన అలంకారశాస్త్రం వాళ్లకు ఈ తగాదా బాగా తెలుసు. పద్నాలుగో శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఏ రసానికి ఏ రసం శత్రువో పట్టీ రాసి పెట్టాడు. శృంగారానికి శత్రువులు ఎవరు? కరుణం, బీభత్సం, రౌద్రం, వీరం, భయానకం. హాస్యానికి? భయానకం, కరుణం. చూశారా, శృంగారమూ హాస్యమూ ఒక ఇంట్లో ఉండొచ్చు. హాస్యం శృంగారంలోంచే పుడుతుందని భరతుడే నాట్యశాస్త్రంలో అన్నాడు. కానీ వీళ్లిద్దరికీ చావు పొసగదు, భయం పొసగదు. మనం మాట్లాడుకుంటున్న సినిమా ఏం చేస్తోంది? పొసగని చుట్టాలందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టి వడ్డిస్తోంది. గొడవ రాకుండా ఉంటుందా?

గొడవ రాకుండా ఎట్టా వడ్డించాలో కూడా చెప్పినవాడు ఉన్నాడు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు. ధ్వన్యాలోకం మూడో ఉద్ద్యోతంలో, అంటే మూడో అధ్యాయంలో, మూడు ఉపాయాలు చెప్పాడు. ఇవి రాసుకోండి, సమీక్ష రాసేటప్పుడు పనికొస్తాయి. ఒకటి, రెండు విరుద్ధ రసాలు ఒకే మనిషిలో పెట్టొద్దు, చెరో పాత్రలో పెట్టు. రెండు, పక్కపక్కనే పెట్టొద్దు, మధ్యలో ఇంకో రసాన్ని అడ్డం పెట్టు. నాగానందం నాటకంలో శాంతానికీ శృంగారానికీ మధ్య అద్భుతం వచ్చింది చూడమన్నాడు. మూడు, శత్రురసాన్ని పూర్తిగా పండించొద్దు. ఉండనీ, కానీ ప్రధాన రసాన్ని మింగేంతగా పెంచొద్దు. ఇంతే. వెయ్యేళ్ల కిందటి మాట. ఈరోజు ఎడిటింగ్ రూములో చెప్పేదీ ఇదే, కాకపోతే 'టోన్ దెబ్బతింది' అంటున్నారు.

మన ఊళ్లో ఉండి తిక్కన పేరెత్తకపోతే బాగుండదు. మొక్కుబడికి ఎత్తట్లేదు లెండి, పనుండే ఎత్తుతున్నా. విరాటపర్వంలో కీచకుడి ఘట్టం ఉంది కదా. ఎస్వీ రంగారావు కీచకుడిగా అందరికీ కళ్ల ముందు ఉన్నాడు, సినిమాని కాసేపు పక్కన పెట్టి కథను చూడండి. రాత్రి. నర్తనశాల. చీకటి. ఒళ్లంతా అలంకరించుకుని, ప్రేయసి ఎదురు చూస్తోందని వచ్చాడు కీచకుడు. పాన్పు మీద తడిమాడు. అక్కడ పడుకున్నది భీముడు. వీడేమంటాడు? నా అంత అందగాడు లేడని మా ఇంటి ఆడవాళ్లే అంటుంటారు అంటాడు. భీముడేమంటాడు? అందగాడివే, నిన్ను నువ్వు పొగుడుకోవడమూ బాగానే ఉంది, కానీ ఇలాంటి స్పర్శ నువ్వు ఇంతకుముందు ఎరిగి ఉండవు అనే అర్థంలో అంటాడు. ఇక్కడ నవ్వు వస్తుందా రాదా? వస్తుంది. ఆ తర్వాత? కాళ్లూ చేతులూ తలా మొండెంలోకి కుక్కి ముద్ద చేసేస్తాడు. కాపలావాళ్లు దివిటీలు పట్టుకొచ్చి, మెడేదీ, చేతులేవీ, తలేదీ అని వెతుక్కుంటారు.

ఇప్పుడు ఆనందవర్ధనుడి లెక్క వేయండి. శృంగారం ఎవరిలో ఉంది? కీచకుడిలో. కోపం ఎవరిలో ఉంది? భీముడిలో. చెరో పాత్రలో పెట్టారు. మరి నవ్వు ఎక్కడ ఉంది? వాళ్లిద్దరిలోనూ లేదు, మనలో ఉంది. ఎందుకని? పాన్పు మీద ఎవరున్నారో మనకు తెలుసు, వాడికి తెలియదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. ద్రౌపది పడ్డ అవమానం మీద ఒక్క నవ్వు కూడా లేదు. సభలో వాడు ఆమెను తన్నినప్పుడు కథ నవ్వలేదు. వాడు మోసపోయినప్పుడే నవ్వింది. ఇది పట్టుకోండి. ఎవరి నొప్పి మీద నవ్వుతున్నాం? డార్క్ కామెడీ మీద ఏ సమీక్ష రాసినా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. 'ల్యాగ్ ఉందా లేదా' తర్వాత చూసుకోవచ్చు.

చేపల పులుసు పోలిక ఎప్పుడు తెస్తాడా అని కొందరు చూస్తున్నారు. తేను. నెల్లూరులో ఏ ఉపన్యాసం విన్నా అదే.

ఇప్పుడు ఒక సినిమాను దగ్గరగా చూద్దాం. 'హెరాల్డ్ అండ్ మాడ్'. 1971 డిసెంబరులో విడుదలైన అమెరికన్ సినిమా. దర్శకుడు హాల్ ఆష్బీ, రచయిత కాలిన్ హిగ్గిన్స్. చనిపోయినట్టు నాటకాలాడి తల్లిని భయపెట్టాలని చూసే డబ్బున్నింటి కుర్రాడు, ఎనభయ్యో పుట్టినరోజుకు దగ్గరైన ముసలావిడ. ఈ ఇద్దరి మధ్య ప్రేమ. నవ్వుతున్నారు కదా? నవ్వండి. అప్పుడు విమర్శకులు మాత్రం నవ్వలేదు. వెరైటీ పత్రిక ఏం రాసిందంటే, తగలబడుతున్న అనాథాశ్రమంలో ఎంత సరదా, సందడి ఉంటాయో ఈ సినిమాలోనూ అంతే ఉన్నాయంది. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగు నక్షత్రాలకు ఒకటిన్నర ఇచ్చాడు. ఆయన మాట సారాంశం చెబుతాను, జాగ్రత్తగా వినండి. జీవితంలో చాలా వాటిలాగే చావు కూడా నవ్వించగలదేమో, కానీ వీళ్లు పట్టిన దారిలో కాదు.

ఈ రెండు విమర్శలూ ఒకటేనా? రెండూ తిట్లే. కానీ ఒకటి కాదు. వెరైటీ వాక్యం చమత్కారంగా ఉంది, ఇన్నేళ్లయినా గుర్తుంది, కానీ సినిమాలో ఏ సీను చెడిందో ఆ వాక్యం చెప్పదు. చావు మీద నవ్వేంటి అనే రోత ఒక్కటే అందులో ఉంది. ఎబర్ట్ మాటలో ఒక ఒప్పుకోలు ఉంది. చావు నవ్వించవచ్చు అని ముందే ఒప్పుకున్నాడు. అభ్యంతరం విషయం మీద కాదు, పద్ధతి మీద. మీతో ఈరోజు పంచుకోవాలనుకున్న అసలు సంగతి ఇదే. ఏ తిట్టు చదివినా, 'ఇది విషయం మీద తిట్టా, పద్ధతి మీద తిట్టా?' అని అడగండి. విషయం మీద తిట్టయితే దానికి జవాబు సినిమాలో దొరకదు, ఆ మనిషి పెంపకంలోనో, నమ్మకాల్లోనో దొరుకుతుంది. పద్ధతి మీద తిట్టయితే సీను ముందు పెట్టుకుని వాదించవచ్చు.

సరే, వాదిద్దాం. మొదటి సీను. కుర్రాడు గ్రామఫోను రికార్డు పెడతాడు, కొవ్వొత్తులు వెలిగిస్తాడు. మొహం కనపడదు. తర్వాత ఉరి. తల్లి గదిలోకి వస్తుంది. కెవ్వుమంటుందనుకుంటాం. చూస్తుంది, కుర్చీలో కూర్చుని ఫోన్ చేసుకుంటుంది. ఇదేదో పెద్ద తమాషా అనుకుంటున్నావు కాబోలు అని విసుక్కుంటుంది. పోతూ పోతూ రాత్రి భోజనం ఎనిమిదింటికి అని గుర్తు చేస్తుంది. అప్పుడు కదా మనకు తెలిసేది, ఇది అతని మొదటి నాటకం కాదని! నవ్వు కుర్రాడి మీద కాదు, ఆ తల్లి అలవాటు మీద. కానీ నవ్వుకు ముందు కొన్ని నిమిషాలు సినిమా మనల్ని నిజంగా భయపెట్టింది. 'చింతించకండి, ఇది కామెడీ' అని చెప్పే మ్యూజిక్ లేదు. అక్కడ మనసు విరిగిన ప్రేక్షకుడు మిగతా సినిమా అంతా చేతులు కట్టుకునే చూస్తాడు. ఎబర్ట్‌కు పద్ధతి నచ్చలేదంటే, అది తెలివితక్కువ అభిప్రాయం అనలేం.

మరి అదే సినిమాలో ఇంకో షాటు ఉంది. సాయంత్రం వెలుగులో ఇద్దరూ కూర్చుని ఉంటారు. కుర్రాడు ఆమె చేయి పట్టుకుంటాడు. ముంజేతి మీద పచ్చబొట్టు పొడిచిన అంకెలు. నాజీల నిర్బంధ శిబిరంలో వేసిన అంకెలు. ఎంతసేపు? ఓ క్షణం. సెకనుకు 24 ఫ్రేములు కదా, ఇంచుమించు అంతే. ఒక్క డైలాగు లేదు. ఎవరూ వివరించరు. సినిమా ముందుకెళ్లిపోతుంది. ఆ క్షణం చూసినవాడికి ముసలావిడ అల్లరంతా మారిపోతుంది. చావును దగ్గరగా చూసి బతికిన మనిషి ఆమె. చావుతో ఆటలాడుతున్నది బతుకే మొదలుపెట్టని కుర్రాడు. ఆ క్షణం తల తిప్పుకున్నవాడికి ఏం మిగిలింది? 'ఎనభై ఏళ్లావిడ, ఇరవై ఏళ్లవాడు, ఛీ.' అంతే. నేటి మన సినిమాల్లో అయితే దానికి ఫ్లాష్‌బ్యాక్ వేసి, వయొలిన్ పెట్టి, పది నిమిషాలు ఏడిపించేవాళ్లు. ఎవరికీ తప్పిపోయేది కాదు, కానీ శత్రురసం పూర్తిగా పండి సినిమానే మింగేసేది. మూడో ఉపాయం గుర్తుందా?

సినిమా డబ్బులు రాబట్టలేదు. తర్వాత? మిన్నెసోటా రాష్ట్రంలో ఈడైనా అనే ఊళ్లో వెస్ట్‌గేట్ అనే థియేటర్లో రెండేళ్లకు పైగా ఆడింది. ఇక చాలు, వేరే సినిమా వేయండని ఆ చుట్టుపక్కలవాళ్లు ప్లకార్డులు పట్టుకుని నిలబడేదాకా వచ్చింది. 1997లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల పట్టీలో, చేర్చారు. 2008లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పది గొప్ప రొమాంటిక్ కామెడీలు ఏరితే తొమ్మిదో స్థానం ఇచ్చింది. తగలబడుతున్న అనాథాశ్రమం అన్న సినిమాకు!

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ కథ విని చాలామంది ఒక తప్పు లెక్క వేసుకుంటారు. 'అప్పట్లో తిట్టారు, ఇప్పుడు క్లాసిక్ అంటున్నారు, కాబట్టి ఇప్పుడు తిట్లు తిన్న ఈ సినిమా కూడా రేపు క్లాసిక్ అవుతుంది.' అవ్వదు బాబూ. తిట్లు తిని మరుగున పడిపోయిన సినిమాలే ఎక్కువ, వాటి పేర్లు మనకు తెలియవు కాబట్టి లెక్కలోకి రావు. కాలం ఎప్పుడూ సినిమా వైపే తీర్పు చెబుతుందని కూడా లేదు. 'హీథర్స్' అని 1989 సినిమా ఉంది. హైస్కూల్లో ప్రేమజంట, హత్యలు చేసి ఆత్మహత్యల్లా చూపించడం, చివరికి స్కూలును బాంబుతో పేల్చే ప్రయత్నం. హాళ్లలో పోయింది, తర్వాత అభిమానులు పెరిగారు. ఆ తర్వాత అమెరికా స్కూళ్లలో కాల్పులు దేశాన్ని కుదిపేశాయి. 1999లో కొలంబైన్ స్కూలు. 2018లో అదే పేరుతో టీవీ సీరీస్ తీసి, పార్క్‌లాండ్ స్కూలు కాల్పుల తర్వాత ప్రసారం వాయిదా వేసుకున్నారు. సినిమా అదే, ఒక్క ఫ్రేమూ మారలేదు. ప్రపంచమే దాని పక్కకు వచ్చి కూర్చుంది.

మన దేశానికి వద్దాం. 'డార్లింగ్స్', 2022 ఆగస్టు, నెట్‌ఫ్లిక్స్. దర్శకురాలు జస్మీత్ కె. రీన్. ఆలియా భట్, షెఫాలీ షా, విజయ్ వర్మ. ముంబైలో ఓ ఇల్లు. తాగొచ్చి కొట్టే మొగుడు, పొద్దున్నే బతిమాలుకునే మొగుడు. భార్య, ఆమె తల్లీ కలిసి వాడిని ఇంట్లోనే కట్టేసి, వాడు చేసిందే వాడికి చేస్తారు. సినిమాను బహిష్కరించండని ట్విట్టర్లో గోల. మగవాడి మీద హింసను నవ్వులాటగా చూపించారన్నారు. ఇది విషయం మీద అభ్యంతరమా, పద్ధతి మీదా? ఎక్కువమందిది విషయం మీదే, ట్రైలర్ చూసి మొదలుపెట్టిన గోల కాబట్టి. కానీ దాన్ని పద్ధతి ప్రశ్నగా మార్చి అడిగితే బాగుంటుంది. సినిమా మొదటి భాగంలో ఆమెను కొట్టేటప్పుడు నవ్వించిందా? లేదు. భీముడి లెక్కే, ద్రౌపది మీద నవ్వు లేదు. మరి చివర? చంపేస్తే నేనూ వాడిలాగే అయిపోతానని ఆమె ఆగిపోతుంది, వదిలేస్తుంది. హింసను ప్రోత్సహించింది అనేవాళ్లు ఈ సీనుకు జవాబు చెప్పాలి. సినిమాను మెచ్చుకునేవాళ్లు కూడా ఒకదానికి జవాబు చెప్పాలి. ఆమె వదిలేసిన మరుక్షణం వాడిని రైలు గుద్దేస్తుంది. ఆమె చేతికి మట్టి అంటకుండా, ప్రేక్షకుడి కసీ తీరేలా. నన్నడిగితే అక్కడ సినిమా రెండు చేతులా సంపాదించుకుంది. ఆ ముడి అట్టాగే ఉంచే ధైర్యం చేసి ఉంటే బాగుండేది.

ఇక మన తెలుగు సమీక్షల సంగతి. ఎట్టా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కథ, నటీనటులు, సాంకేతిక నిపుణులు, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, చివర ఐదుకు 2.75. మాస్ సినిమాకు ఆ అచ్చు పనికొస్తుంది. డార్క్ కామెడీని ఆ గళ్లలో పోస్తే ఏమవుతుంది? 'ప్లస్: కొత్త కాన్సెప్ట్. మైనస్: కొన్ని సీన్లు ఇబ్బంది పెడతాయి.' అయ్యా, ఇబ్బంది పెట్టడమే కదా ఆ సీను పని! పెట్టాల్సినచోట పెట్టిందా, పెట్టకూడనిచోట పెట్టిందా అన్నది రాయాలి. ఇంకో మూడు మాటలు నిషేధం అనుకోండి. 'బోల్డ్ అటెంప్ట్', 'అందరికీ నచ్చకపోవచ్చు', 'కొత్తదనం కోరుకునేవాళ్లకు'. ఈ మాటలు సినిమా చూడకుండా కూడా రాయొచ్చు. అందుకే నిషేధం.

మరి ఎట్టా రాయాలి? రెండుసార్లు చూడాలి. ఒక్కసారి చూసి డార్క్ కామెడీ మీద రాయొద్దు. మార్నింగ్ షో అయిన గంటకు రివ్యూ పెట్టాలనే తొందర ఉంటే వేరే సినిమా ఎంచుకోండి. చిన్న నోటుపుస్తకం పేజీని నిలువునా మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో టైము. సినిమా మొదలైన టైము, ఇంటర్వెల్ టైము తప్పనిసరిగా రాసుకోండి, మిగతావి అందాజుగా పడినా సర్దుకోవచ్చు. ఫోన్ తీసి వెలుగు పెట్టొద్దు, పక్కవాడు తిడతాడు, తిట్టాలి కూడా. రెండో గడిలో హాలు. నవ్వుకు 'న', మౌనానికి 'మ', సీట్లు కదిలితే 'క', ఫోన్ లైట్లు వెలిగితే 'ఫో'. మూడో గడిలో మీరు. మీకు నవ్వు వచ్చిందా, వచ్చి మింగారా, అసలు రాలేదా.

మౌనం రెండు రకాలు, ఇది బాగా చూడండి. ఊపిరి బిగబట్టిన మౌనంలో సీటు చప్పుడు కూడా ఉండదు. విసుగు మౌనంలో పక్కనే 'క'లూ 'ఫో'లూ పడుతుంటాయి. సమీక్షల్లో రెంటినీ కలిపి 'హాల్లో స్పందన లేదు' అని రాసేస్తారు. మీ పేజీలో 'మ' ఒంటరిగా ఉంటే ఆ సీను పని చేసినట్టు. 'మ' పక్కన 'ఫో' ఉంటే చెడినట్టు.

రెండోసారి చూసేటప్పుడు హాలును వదిలేయండి. మార్కు పడినచోటికి ముందు షాటు ఏంటో చూడండి. నవ్వు చెడింది ఈ షాటులో కాదు, చాలాసార్లు దానికి ముందు షాటులో. కట్ అర సెకను ముందే పడితే, అంటే 12 ఫ్రేములు ముందు, నటుడి మొహంలో మారాల్సిన భావం మారకముందే వెళ్లిపోతాం. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వినండి. శవం పక్కన 'టొయ్' అని ఒక చప్పుడు వేశారా? అంటే దర్శకుడికి తన సీను మీద నమ్మకం లేదు, నవ్వండి బాబూ అని భుజం తడుతున్నాడు. ఆ చప్పుడు భయాన్ని చంపేస్తుంది, భయం పోతే నవ్వూ ఉండదు. డబ్బింగ్ సినిమా అయితే ఇంకో జాగ్రత్త. ఈ రకం డైలాగులు మొహంలో ఏ భావమూ లేకుండా, ఉప్పు అందించమన్నట్టు చెప్పాలి. డబ్బింగ్‌లో ఊపి, దీర్ఘాలు తీసి చెబుతారు. తప్పు నటుడిది కాకపోవచ్చు, గొంతుది కావచ్చు. వీలైతే ఒరిజినల్ ఒక పది నిమిషాలు విని అప్పుడు రాయండి.

ట్రైలర్, పోస్టరు కూడా చూసుకోండి. రంగురంగుల పోస్టరు మీద జంట నవ్వుతూ ఉంటే పిల్లాపాపలతో వస్తారు. ఇరవయ్యో నిమిషంలో శవం కనపడితే తిడతారు. ఆ తిట్టు పోస్టరుకు చెందింది. దాన్ని సినిమా ఖాతాలో రాయొద్దు. 'ఫ్యామిలీతో చూడొచ్చా?' అని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. దానికి ఒక్క వాక్యం కేటాయించండి, సర్టిఫికెట్ ఏంటో, ఎందుకు ఇచ్చారో చెప్పండి. ఇప్పుడు యూఏలో కూడా 7+, 13+, 16+ అని వేరువేరుగా ఉన్నాయి, చూసి రాయండి.

ఆరువందల మాటల సమీక్ష అనుకుందాం. కథకు వంద మించొద్దు, ఇంటర్వెల్ దాటొద్దు, ఎవరు చనిపోతారో చెప్పొద్దు. కనీసం మూడొందలు ఒకే ఒక్క సీనుకు ఇవ్వండి. పని చేసిన సీనో, చెడిన సీనో మీ ఇష్టం. ఎవరి నొప్పి మీద నవ్వించింది, ప్రేమ ఎవరిలో ఉంది, భయం ఎవరిలో ఉంది, మధ్యలో ఎడం ఇచ్చిందా లేదా. మిగతా రెండొందలు నటనకు, మ్యూజిక్‌కు, మీకు పడని వాటికి. రేటింగ్ ఇవ్వకపోతే ఊరుకోమంటే ఇవ్వండి, కానీ ముందు రాసి తర్వాత అంకె వేయండి. అంకె ముందు వేస్తే రాత దాని వెనకే పోతుంది.

టైము అయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలు టీ తర్వాత. ముందు ఆ మొదటి సీను ఒకసారి వేస్తారు, గ్రామఫోను దగ్గర్నుంచి తల్లి భోజనం మాట దాకా. నోటుపుస్తకాలు తీసి గళ్లు గీసుకోండి. కొవ్వొత్తి వెలిగించేటప్పుడు ఒక మార్కు, ఫోన్ దగ్గర ఒక మార్కు. పక్కవాళ్ల పేజీలోకి చూడొద్దు. తమ్ముడూ, ఆ కిటికీ తలుపులు వేసి లైట్లు ఆపెయ్.